మెట్ల మలుపులో పూలచక్రం

మా పిన్ని పనిచేసే పేపరాఫీసులో ఫస్ట్ ఫ్లోర్‌కీ సెకండ్ ఫ్లోర్‌కీ మధ్య ఒక మెట్ల మలుపుంది... చీకటి పడ్డాక అక్కడ ఎవ్వడూ ఒంటరిగా ఆగడు. ఏదో ఉందంటారు. బల్బు ఎన్నిసార్లు మార్చినా మాడిపోతుంది.

పెద్ద తలకాయల మీద వార్త రెడీ అయిందా — ఆ రాత్రి అక్కడ పూలచక్రం ప్రత్యక్షం. శవాల మీద పెడతారే, అదే. రిబ్బన్ మీద వార్త రాసినవాళ్ల పేరు! ఎవరు పెడతారో చూసినవాడు లేడు. వాచ్‌మన్నేమో గేటు దాటి ఈగ కూడా లోపలికి రాలేదంటాడు. ఒకాయన అది చూసి వార్త వెనక్కి తీసుకున్నాడు. ఇంకొకాయన ఉద్యోగమే మానేసి ఇప్పుడు టైల్స్ అమ్ముతున్నాడు. బానే అమ్ముతున్నాడంట.

పిన్ని మాత్రం నమ్మేది కాదు. "దెయ్యానికి రిబ్బన్ కొనే ఓపికెక్కడిదిరా?" అనేది.

ఒక రాత్రి అలాంటి వార్త పిన్నిదే. క్వారీలో బండ కింద ముగ్గురు పోయారు. ఓనరేమో వాళ్లు నా కూలీలే కాదు పొమ్మన్నాడు. పిన్ని మొహానికి చున్నీ కట్టుకుని, పేరు చెప్పకుండా వెళ్లి, వాళ్ల భార్యలు చెప్పిందంతా రాసుకొచ్చింది. ఇవాళ అచ్చవ్వకపోతే అంతే — తెల్లారేసరికి ఓనరు మనుషులు ఆ ఆడవాళ్ల నోళ్లు నొక్కేస్తారు.

టీ తాగి పైకొస్తోంది. మలుపులో బల్బు మళ్లీ మాడిపోయింది. ఫోన్ లైటేసింది...

తెల్లగా. గుండ్రంగా. గోడకానుకుని — నిలబడి ఉంది.

పూలింకా తడిగా ఉన్నాయి. రిబ్బన్ మీద పిన్ని పేరు. ఇంటిపేరుతో సహా.

వెనకాల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... తిరిగి చూసింది. ఎవరూ లేరు. తన ఊపిరే.

ఎలా ఎక్కిందో ఎక్కింది. పైన ఇద్దరే ఉన్నారు — ఎడిటరూ, అందరూ బాబాయ్ అని పిలిచే పేజీల డిజైనరూ.

"సార్... కింద... నా పేరుతో..."

ఎడిటర్ నీళ్ల గ్లాసు అందించాడు. "పిల్లలున్నదానివి తల్లీ," అన్నాడు మెల్లగా. "ఆపేద్దాం. ప్రాణం కన్నా ఎక్కువా?"

పిన్ని సరే అనబోయింది. అప్పుడు తట్టింది...

ఇలాంటి వార్తలకి వాళ్ల పేపర్లో రాసినవాళ్ల పేరు వెయ్యరు. 'మా ప్రతినిధి' అంటారంతే. రాసినవాళ్లు తెచ్చి నేరుగా ఎడిటర్ చేతికివ్వాలి. పక్క సీటువాడికి కూడా చెప్పకూడదు. బాబాయ్‌కి కూడా తెలీదు.

"సార్," అంది గుసగుసగా. "ఇది నేను రాసినట్టు... మీకొక్కరికే కదా తెలుసు?"

ఎడిటర్ కళ్లజోడు తీసి తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు...

బాబాయ్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

"బాబాయ్, 'మా ప్రతినిధి' తీసెయ్. నా పేరు వెయ్."

బాబాయ్ ఎడిటర్ వైపు చూశాడు. ఆయన తలెత్తలేదు. బాబాయ్ పేరు కొట్టి, పేజీ ప్రెస్సుకి పంపేశాడు.

పిన్ని బ్యాగు తగిలించుకుంది. అప్పుడు లేచాడు ఎడిటర్. "చీకటిగా ఉంది తల్లీ... కిందదాకా తోడొస్తా."

"మీరు కూర్చోండి సార్," అంది పిన్ని. "దెయ్యం ఉందిగా తోడు."