అద్దెకు తెచ్చిన కుర్చీ

తెల్లారగానే వాకిలి ఊడ్చి, జొన్నరొట్టెలు చేసి, మేడమీద కందులు ఎండబోసి వచ్చిన సత్యమ్మ చేతులు తుడుచుకుని చక్రాల కుర్చీలో కూర్చుంది.

“కాళ్లు గట్ల బిగబట్టకే అమ్మా. వదిలెయ్. తల జర పక్కకు వాల్చు,” అన్నాడు వంశీ, ఫోనులోంచి తలెత్తకుండానే.

అప్పుడే హాల్లోకి వచ్చిన రుచిత పరుగున దగ్గరికొచ్చింది. “ఏమైందమ్మా? పడ్డవా?”

“ఏం గాలే బిడ్డ. కోర్టుకు.” సత్యమ్మ చూపు తిప్పుకుంది.

ఆ రోజు తమ్ముడి కేసులో తీర్పు. పోయిన ఏడాది వంశీ తాగి కారు నడుపుతూ, కోట్‌పల్లి దారిలో గొర్రెలను తోలుకొస్తున్న నాగరాణిని గుద్దేసి, ఆగకుండా తాండూరు వచ్చేశాడు. ఆమె అక్కడే చనిపోయింది. నేరం రుజువు కావడం ఖాయమని వకీలు ముందే చెప్పేశాడు. ఇక మిగిలింది శిక్ష తగ్గించుకోవడమే.

“ఈ నాటకం ఎవరు నేర్పిండ్రు?”

“నువ్వేనక్కా.” వంశీ నవ్వాడు. “యూట్యూబ్‌ల నీ ఉపన్యాసం చూసినం. మంచాన పడ్డ తల్లి ఉన్నదంటే జడ్జీలు శిక్ష తగ్గిస్తరని చెప్పినవ్ గద. వకీలుసాబ్ మస్తు ఖుష్ అయిండు. కుర్చీ కిరాయికి గూడ ఆయననే తెప్పించిండు.”

ఒకే నేరానికి ఒకరికి పెద్ద శిక్ష, ఇంకొకరికి చిన్న శిక్ష ఎందుకు పడుతోందో కోర్టు తీర్పులు చదివి తేల్చడం హైదరాబాదులో రుచిత చేసే పరిశోధన. నిజంగా మంచాన పడ్డ తల్లులున్న పేదవాళ్ల గోడు జడ్జి దాకా చేరడం లేదని, అందుకే వాళ్లు ఏళ్లకేళ్లు జైల్లో ఉంటున్నారని చెప్పిన ఉపన్యాసం అది. దాన్ని వీడు ఇలా వాడుకున్నాడు.

“ఒక ఆడమనిషి సచ్చిపోయిందిరా!”

“గొర్లు అడ్డమొచ్చినయ్. నేనేం జేయాలె?” వంశీ రొట్టె తుంచి పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ నమలడం చూడలేక రుచిత ముఖం తిప్పుకుంది.

“నేను కోర్టుల లేచి నిజం చెప్త.”

చొక్కా గుండీలు పెట్టుకుంటూ తండ్రి నర్సింహులు గదిలోంచి వచ్చాడు. “చెప్పు. చెప్పినంక మల్ల ఈ గడప తొక్కకు. తమ్ముడు జైలుకు పోతే నీకు సంబురమా?”

“నాయినా, ఇది మోసం.”

“వాడు జైలు కూడు తినలేడు బిడ్డ,” అంది సత్యమ్మ కుర్చీలోంచే, బతిమాలుతున్నట్టు.

“నిన్ను జూస్తుంటే రోతగున్నదమ్మా.”

వికారాబాదులో కారు దిగి సత్యమ్మ మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంది.

కోర్టు వరండాలో గోడకు ఆనుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. నాగరాణి తల్లి హన్మమ్మ, ఒకప్పుడు సత్యమ్మ వాళ్ల చేలో కూలికి వచ్చిన మనిషి. కుర్చీలో వస్తున్న సత్యమ్మను చూసి, తిట్టడానికే అన్నట్టు రెండడుగులు ముందుకు వేసింది. దగ్గరికొచ్చి ఆగిపోయింది.

“అయ్యో పటేలమ్మా! గిట్లెప్పుడైనయ్ నీ కాళ్లు?”

హన్మమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. సత్యమ్మ పాదాలను ఒళ్లోకి తీసుకుని పిక్కలు ఒత్తసాగింది.

“నీ కొడుకు పేరింటే నా కడుపు మండుతది. నీ కాళ్లేం పాపం జేసినయ్? రోజు ఆముదం రాయి, పట్టు ఇడుస్తది.”

“వద్దు, హన్మమ్మా, వద్దు...” సత్యమ్మ కాళ్లు వెనక్కి లాక్కోబోయింది. లాక్కుంటే కదులుతాయి. అందుకని అలాగే ఉండిపోయింది. పక్కనే నిలబడ్డ వంశీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. రుచిత నోరు తెరవబోయింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

నేరం రుజువైందని జడ్జి చెప్పాడు. శిక్ష గురించి ఏమైనా చెప్పుకోవాలా అని అడగ్గానే వకీలు లేచి తల్లి అనారోగ్యం గురించి గొంతు వణికించి మరీ చెప్పాడు.

“ఎన్నాళ్లయిందమ్మా మీరు నడవలేక?” జడ్జి మెత్తగా అడిగాడు.

రుచిత బెంచీ పట్టుకుని సగం లేచింది. కానీ ఆమెకంటే ముందే సత్యమ్మ లేచి నిలబడింది.

“నాకేం గాలే సార్. మంచిగ నడుస్త. అబద్ధం.”

నర్సింహులు రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి జడ్జి నాలుగేళ్ల జైలు శిక్ష విధించాడు.

బయట నర్సింహులు భార్యను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. “కన్నతల్లివేనా నువ్వు?” అని గేటు వైపు వెళ్లిపోయాడు.

సత్యమ్మ మెట్ల మీద కూలబడింది. “నా మీద ఇంక రోతనే ఉన్నదా బిడ్డ?”

“లేదమ్మా,” అంటూ రుచిత పక్కన కూర్చుంది.

“నాకున్నదే. ఆమె నా కాళ్లు పట్టినప్పటిసంది ఒళ్లంత పుండైనట్టున్నది.” సత్యమ్మ కూతురి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్ని వందల తీర్పులు చదివిన రుచిత, శిక్ష పడ్డాక ఒక తల్లి ఏడుపును ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

పోలీసులు వంశీని వ్యాను ఎక్కించారు. ఇద్దరూ దగ్గరికి వెళ్లారు. వంశీ కంటి నిండా నీళ్లు. తల్లిని తిడతాడనుకుంది రుచిత.

“అమ్మా, నాగరాణికి... పిల్లలున్నరా?”

ఆ పేరు వాడి నోట రావడం అదే మొదటిసారి. సత్యమ్మ రుచిత వైపు చూసింది. రుచితకూ తెలియదు. ఏడాదిగా ఆ ఇంట్లో వకీళ్ల గురించి, శిక్ష గురించి, పరువు గురించి మాట్లాడుకున్నారు. ఈ ఒక్క మాట ఎవరూ అడగలేదు.

“తెల్వదు కొడుకా,” అంది సత్యమ్మ, వ్యాను కిటికీ జాలీలోంచి వాడి వేళ్లు పట్టుకుని. “అడిగొస్త.”

కళ్లు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, గేటు దగ్గర ఒంటరిగా బస్సు కోసం నిలబడ్డ హన్మమ్మ వైపు నడిచింది.