అపెండిక్స్ కాదు

"నేను దుబాసీ కావాలన్నాను. మా ముత్తవ్వ కావాలనలేదు," అంది లువా.

బ్యాంకాక్‌లో ఆ క్లినిక్ గదిలో బల్లకి అటు డాక్టరమ్మ, ఇటు లువా కూర్చున్నారు. మధ్యలో నిలబడ్డవాడు ఖేమ్. నడుముకి కట్టిన వంట గుడ్డ కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. క్లినిక్ వెనక సందులో, ఆపరేషన్ అయినవాళ్లు కోలుకునేదాకా ఉండే గెస్ట్‌హౌస్‌లో అతను వంటవాడు. వియత్నాం నుంచి ఎవరొచ్చినా ఆ భాష తెలిసినవాడు చుట్టుపక్కల ఇతనొక్కడే కాబట్టి, గంజి పొయ్యి కట్టేసి రావలసిందే.

చిక్కల్లా ఒక్కటే. ఆ భాష అతనికి వాళ్లమ్మమ్మ నేర్పింది. ఆవిడ చిన్నప్పుడే మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ వైపున్న నఖోన్ ఫనోమ్‌లో స్థిరపడింది. ఆవిడతోపాటు ఆవిడ మాటలు కూడా అక్కడే ఆగిపోయాయి.

"ఓ అమ్మణ్ణీ," అన్నాడు ఖేమ్ మళ్లీ, చేతులు కట్టుకుని. "రేపు సూర్యోదయమునకు పూర్వమే తమరు నిరాహారులై వేంచేయవలెను."

"ఆపరేషన్‌కా, పట్టాభిషేకానికా?"

ఖేమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఏమంటోందని డాక్టరమ్మ కళ్లెగరేసింది. అతను థాయ్‌లో ఏదో గొణిగాడు.

డాక్టరమ్మ కాగితాలన్నీ ఒక దగ్గర చేర్చి, ఆఖరి మాటగా అడిగింది. మనసు మార్చుకునేట్లయితే ఇప్పుడు కూడా చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఖేమ్ దాన్ని తన పాతకాలపు మాటల్లోకి మార్చి చెప్పాడు.

ఈసారి లువా నవ్వలేదు.

"నా మనసు ఇరవై తొమ్మిదేళ్లుగా ఉన్నచోటే ఉందని చెప్పండి. ఒళ్లే ఆలస్యంగా వస్తోంది."

ఖేమ్ ఆమె వంక చూస్తూ ఉండిపోయాడు. డాక్టరమ్మ కలంతో బల్ల మీద రెండుసార్లు కొట్టాక గానీ, ఆ మాట థాయ్‌లో చెప్పాల్సింది తనేనని గుర్తు రాలేదు.

*

పుట్టుకతో వచ్చిన మగ ఒంటిని ఆడ ఒళ్లు చేసే ఆ ఆపరేషన్ తర్వాత ఆరు రోజులు లువా వెల్లకిలా పడుకునే ఉంది. దక్షిణ వియత్నాంలో ఊరూరా తిరిగే లోటో బృందంలో పాటగత్తె ఆమె. సంచిలోంచి అంకె ఉన్న బిళ్ల తీసి, దానిమీద అప్పటికప్పుడు పాట కట్టి పాడుతుంది. ఎదురుగా వందలమంది చీటీల మీద అంకెలు కొట్టేసుకుంటారు. గంటల తరబడి హైహీల్స్ మీద నిలబడే మనిషికి కదలకుండా పడుకోవడమే పెద్ద శిక్ష.

ఆరో రోజు లోపల కుక్కిన గుడ్డలూ గొట్టాలూ తీశారు. నర్సు లువా చేతికి చిన్న అద్దం ఇచ్చింది. తెర అవతల ఖేమ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు, మాటలు అటూ ఇటూ అందించడానికి.

వాచిపోయి, కమిలిపోయి, కుట్ల దారాలు బయటికి పొడుచుకొచ్చి, చూడ్డానికి అందంగా ఏమీ లేదు. లువా చాలాసేపు చూసింది.

"వంటాయనా, నర్సమ్మకి చెప్పండి. ఇంత వికారంగా ఉన్నదాన్ని చూసి నేనెప్పుడూ ఇంత సంతోషపడలేదు."

ఖేమ్ చెప్పాడు. నర్సు నవ్వబోయి ముక్కు చీదుకుంది. తెర అవతల ఇంకో ముక్కు కూడా చీదిన శబ్దం వచ్చింది.

"మీకేమైంది?"

"తెర మీద దుమ్ము మిక్కుటముగా ఉన్నది, అమ్మణ్ణీ."

*

గెస్ట్‌హౌస్‌లో భోజనాల వేళలు గడియారం చెప్పేది కాదు. ఆపరేషన్‌లో ఒంట్లో చేసిన కొత్త దారి పూడుకుపోకుండా డాక్టర్ ఇచ్చిన కడ్డీలతో రోజుకి మూడుసార్లు, అరగంట చొప్పున, తలుపేసుకుని పడుకోవాలి. ఏ గదివాళ్లకి ఏ వేళో వంటింటి గోడ మీద సుద్దతో రాసుకుని, దాన్నిబట్టి ఖేమ్ పొయ్యి వెలిగించేవాడు. ఆ అరగంటలో ఎవరి తలుపూ తట్టకూడదు.

తట్టకూడదు గానీ, మెట్ల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుచుకోకూడదని ఎవరూ అనలేదు.

లోపల లువా నొప్పి మరిచిపోవడానికి లోటో పాటలు అందుకునేది. అంకె దగ్గరికి వచ్చేసరికి ఆపేసేది.

"అత్తగారి ముక్కుపుడక, కోడలి ముక్కుపుడక, రెండూ ఒక్క తాకట్టు కొట్లోనే... ఎంత?"

"ఇరవై రెండు! రెండు పక్కన రెండు!" అనేవాడు మెట్ల మీంచి ఖేమ్.

"ముప్పై మూడు. ఆడబిడ్డది లెక్కలోకి రాదా?"

"ఆడబిడ్డ ఉన్నట్లు తమరు సెలవియ్యలేదు!"

"సెలవియ్యలేదు కాదు, చెప్పలేదు అనాలి. మళ్లీ అనండి."

అలా అరగంటకి నాలుగు మాటల చొప్పున అతని భాష అమ్మమ్మ దగ్గర్నుంచి అతని వయసుకి దిగొచ్చింది. ఆమె గంజి గిన్నె కూడా ఖాళీ అవడం మొదలైంది. బొప్పాయి కాయ కోరులో మిరపకాయలు దంచి పెట్టమని మాత్రం రోజూ పేచీయే.

"డాక్టర్ వద్దన్నారు."

"డాక్టర్ నన్ను పాటలు కూడా పాడొద్దన్నారు. మీరు వినడం మానేశారా?"

ఖేమ్ గరిటె అటు తిప్పి ఇటు తిప్పి, "గంజిలో కాస్త మిరియాలు వేస్తాను," అన్నాడు. అంతకన్నా ప్రేమగా ఒక వంటవాడు ఏమనగలడు?

*

మూడో వారం వాన పట్టుకుంది. సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆ రోజే కుట్లు చూపించుకోవాలి. గాయానికి మురికినీరు తగలకూడదు. బైకు ఎక్కకూడదు. కారు సందులోకి రాదు.

ఖేమ్ కూరగాయలు తెచ్చే తోపుడుబండి బయటికి తీశాడు. దానిమీద బొంత పరిచాడు. బొంత మీద, మధ్యలో చిల్లున్న గుండ్రటి దిండు పెట్టాడు. దిండు మీద లువాని కూర్చోబెట్టి, చేతికి కూరగాయల బండికి కట్టే పెద్ద గొడుగు ఇచ్చాడు.

"ఎక్కడికి ఊరేగిస్తున్నావు నన్ను?" ఆ రోజు 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"అందరూ చూస్తారు, తల వంచుకో."

"చూడనీ! ఇంత కష్టపడింది తల వంచుకోవడానికా?"

చిల్లర కొట్ల వాళ్లు, బైకు వాళ్లు, అరుగుల మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్న ముసలమ్మలు అందరూ చూశారు. లువా చేయి ఊపింది. ఒక ముసలమ్మ తిరిగి చేయి ఊపింది. వాన గొడుగు మీద దరువేస్తోంది. ఖేమ్ ప్యాంటు తొడలదాకా తడిసిపోయింది. గొడుగు సగం అతని మీదికి వంచబోతే, "నీ గాయం చూసుకో," అని కసిరాడు. లువాకి ఎందుకో ఆ కసురు బాగుంది.

అప్పుడు మోగింది అతని జేబులో ఫోన్. వాళ్లమ్మ. వీడియో కాల్. ఎత్తకపోతే ఊరుకునే మనిషి కాదు. తల్లీ కొడుకులు మాట్లాడుకునేది అమ్మమ్మ భాషలోనే.

"ఒరే, వానలో ఏం చేస్తున్నావురా? బండి మీద ఆ పిల్లెవరు? భలే కళగా ఉందే!"

ఖేమ్ ఫోన్ కాస్త పక్కకి తిప్పాడు.

"గెస్ట్‌హౌస్‌లో ఉంటోందమ్మా. అపెండిక్స్ ఆపరేషన్ అయింది."

"అయ్యో పాపం! పెళ్లయిందా?"

"అమ్మా, చార్జింగ్ లేదు, ఉంటా," అని కట్ చేశాడు.

లువా గొడుగు మూసేసింది. వాన మొహం మీద పడుతున్నా కదల్లేదు.

"అపెండిక్స్ కడుపులో ఏ పక్కనుంటుంది?"

"లువా..."

"తెలియదా? నాకూ తెలియదు. అది తీయించుకోవడానికి నేను విమానం ఎక్కలేదు."

"మా అమ్మది చిన్న ఊరు. పొద్దున్న లేస్తే తన టిఫిన్ కొట్టుకి వచ్చేవాళ్లకి గుడ్లు వేయించి పెడుతుంది. ఆవిడకి తెలిస్తే కొట్లో ప్రతివాడికీ తెలుస్తుంది. నిన్నెవరూ ఏమీ అనకూడదనే కదా... పెళ్లయ్యాక మెల్లగా..."

"పెళ్లా?" అంది లువా. "నన్నింకా అడగనే లేదు. అప్పుడే దాచిపెట్టడానికి చోటు వెతుకుతున్నావా?"

ఖేమ్ బండి తోయడం ఆపేశాడు.

"విను, ఖేమ్. మా నాన్న నన్ను బంధువులకి చూపించకుండా వెనక గదిలో ఉంచేవాడు. స్టేజీ ఎక్కాక ప్రతి ఊళ్లోనూ ఎవడో ఒకడు నన్ను చూసి ఈల వేస్తాడు. ఆ ఈలకి నేను భయపడను. వెనక గది అంటేనే భయం. నువ్వు కట్టేది ఎంత మంచి గదైనా నాకొద్దు. నేనెవరో నాకిష్టమైన మనిషి నోటితో, పగటిపూట, పదిమందిలో గట్టిగా చెప్పాలి. అలా చెప్పలేకపోతే గంజి వండు, చాలు."

ఖేమ్ తల వంచుకున్నాడు. బండి తోశాడు. అంతే, అదే అతని తప్పు.

*

మిగిలిన పది రోజులూ గంజి వేళకి వచ్చింది. గిన్నె వేళకి ఖాళీ అయింది. లోపల పాట లేదు, మెట్ల మీద వెల్లుల్లి లేదు.

సొంత దేశంలో దిగాక విమానాశ్రయంలో ఆఫీసరు పాస్‌పోర్ట్‌లో ఫొటో చూసి, ఆమెను చూసి, మళ్లీ ఫొటో చూశాడు.

"ఇది మీరేనా?"

"అది నేను రాకముందు నా బదులు వచ్చిన మనిషి," అంది లువా. వెనక క్యూలో ఎవరో నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వు ఆపుకుంటూ ముద్ర కొట్టాడు.

*

ఇంటికొచ్చిన మూడు నెలలకి డాక్టర్ స్టేజీ మీద నిలబడొచ్చన్నారు. విన్ లాంగ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో సంత మైదానంలో బృందం డేరా వేసింది. సాయంత్రం సన్నటి జల్లు పడుతోంది. అయినా కుర్చీలన్నీ నిండాయి. బృందం పెద్ద హుయే అక్క లువాకి మైకు అందించి, "కాళ్లు నొప్పెడితే సైగ చెయ్యవే," అంది.

మొదటి బిళ్ల తీయగానే వెనక బల్లల దగ్గర్నుంచి ఒకడు కేకేశాడు.

"ఇంతకీ నువ్వు ఆడా మగా? తేల్చుకున్నావా?"

లువా చేతిలో బిళ్ల చూసుకుని పాట అందుకుంది.

"మబ్బులెక్కి పోయాను, విమానంలో వచ్చాను,
భయం అక్కడ పారేసి, నన్ను నేను తెచ్చాను,
తేలనిది నీ తాగుడే తమ్ముడూ, ఇంటికెళ్లి పడుకో... ముప్పై తొమ్మిదీ!"

డేరా ఎగిరిపోయేలా నవ్వారు. ఆ తమ్ముడు పక్కవాడి వెనక దాక్కున్నాడు.

ఆట సాగింది. చీటీలో ఒక వరుసలోని ఐదు అంకెలూ పడ్డవాళ్లు 'కిన్!' అని అరవాలి. వాళ్లకి బహుమతి. పడకుండానే అరిచినవాడిని మాత్రం ఊరికే వదలరు. వాడు స్టేజీ ఎక్కి, పాటగత్తె అడిగిన మూడు ప్రశ్నలకి మైకులో నిజం చెప్పాలి. ఆ బృందంలో ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ అది. జనం బహుమతి కన్నా దీనికోసమే ఎక్కువ ఎదురుచూస్తారు.

ఇంకా నాలుగో అంకె పాడుతుండగానే రెండో వరుసలోంచి ఎవరో లేచారు.

"కిన్!"

"నాలుగు అంకెలకే ఐదు పడ్డాయా? అబద్ధం! ఎక్కించండి, ఎక్కించండి!" అని జనం గోల.

ఖేమ్ చీటీ పట్టుకుని స్టేజీ ఎక్కాడు. దాని మీద ఒక్క అంకె కూడా కొట్టేసి లేదు.

లువా పాట మధ్యలోనే ఆగిపోయింది. కానీ మైకు చేతిలో ఉంది, ఎదురుగా ఊరంతా ఉంది.

"మొదటి ప్రశ్న. ఎవరు నువ్వు?"

"ఖేమ్. నఖోన్ ఫనోమ్ నుంచి వచ్చాను. వంటవాణ్ణి."

"రెండోది. ఎందుకు అబద్ధమాడావు?"

"పిరికివాణ్ణి కాబట్టి. ఇప్పుడాడింది కాదు, మూడు నెలల క్రితం ఆడింది. ఇప్పటిది స్టేజీ ఎక్కడానికి."

జనం గోల తగ్గింది. మూడోది అడగబోతూ లువా మైకు అతని నోటికి ఇంకా దగ్గరగా పెట్టింది.

"నేనెవర్ని?"

ఖేమ్ జనం వైపు తిరిగాడు.

"ఈమె పేరు లువా. ఆడమనిషి. పుట్టినప్పుడు అబ్బాయన్నారు, ఈమె ఒప్పుకోలేదు. బ్యాంకాక్ వచ్చి తన ఒంటిని తనకి కావలసినట్టు చేయించుకుంది. నేను వండిన గంజి తిట్టుకుంటూ తాగింది. నాకు ఈమె అంటే ప్రేమ. మా అమ్మతో అపెండిక్స్ అని చెప్పాను. అది అపెండిక్స్ కాదు!"

అప్పుడు రెండో వరుసలోంచి ఒక పొట్టి ఆవిడ లేచి నిలబడింది. ఆవిడకి మైకు అవసరం లేకపోయింది.

"నేనే ఆ అమ్మని! వీడు అసలు సంగతి చెప్పాక రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు ఆకలేసింది. తింటూ ఆలోచించాను. కోత ఆ పిల్లకి, కుట్లు ఆ పిల్లకి, మధ్యలో ఉపవాసాలు నాకెందుకని! కొట్టు మూసి వచ్చాను. ఒరే, అసలు ఆ పిల్లకి నువ్వు ఇష్టమో లేదో అడిగావా, ఊరికే అరుస్తున్నావా?"

అందరి తలలూ లువా వైపు తిరిగాయి. "చెప్పు, చెప్పు!" అని కుర్చీలు బాదారు. పక్కవాడి వెనక దాక్కున్న తమ్ముడు అందరికంటే గట్టిగా బాదాడు.

"ఆట మధ్యలో ఉంది," అంది లువా. "పెళ్లి మాటలు ఆట అయ్యాక. అప్పటిదాకా ఇక్కడే, దీపాల కింద, నా పక్కన నిలబడు. నిలబడగలవా?"

"నిలబడతా."

ఆమె సంచిలో చెయ్యి పెట్టి బిళ్ల తీసింది. కళ్లనిండా నీళ్లు, అంకె ఎంతో కనిపించలేదు. బిళ్ల అతని అరచేతిలో పెట్టి, మైకు పట్టింది.

అతను చదివాడు, ఊరంతా వినేలా.