అద్దె పెంపు మీద మీ అభిప్రాయం

“బిస్కెట్లు పెట్టి అద్దె పెంచుదామనుకున్నారా?”

హాలు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. ఆమె కోటు టోపీ అంచు నుంచి వాన నీళ్లు ధారగా కారుతున్నాయి. వెనకాల గల్‌బ్రే కాలనీ సగం కదిలి వచ్చినట్టుంది. తడిసిన గొడుగులు, తడిసిన పిల్లలు, మండిపోతున్న మొహాలు.

బిస్కెట్ల పళ్లెం చేత్తో పట్టుకుని రూరీ మెల్విల్ అలాగే నిలబడిపోయాడు. కిల్డార్న్ కౌన్సిల్‌లో అతని ఉద్యోగమే అది. అద్దె పెంచే ముందు కౌన్సిల్ ఇళ్లలో ఉంటున్నవాళ్లను కలిసి, వాళ్లేమంటారో అడిగి తెలుసుకోవాలి.

“ఇవి కౌన్సిల్‌వి కాదండీ. మా ఇంటి నుంచి తెచ్చాను” అన్నాడు.

వెనక ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

“ఎంత పెంచాలో పైన ఎప్పుడో తేల్చేసుకున్నారు. పేరుకి మమ్మల్ని అడుగుతున్నారు. అవునా, కాదా?”

“జనవరిలో కౌన్సిలర్లు ఓటేస్తారు. అప్పటిదాకా ఏదీ తేలినట్టు కాదు. మీరు చెప్పింది ఒక్క అక్షరం మార్చకుండా వాళ్ల ముందు పెడతాను. నా చేతిలో ఉన్నది అంతవరకే.”

“అంతేనా?”

“అంతే.”

ఏదో ఒకటి గొప్పగా చెబుతాడు, పట్టుకుని ఏకిపారేద్దాం అనుకుని వచ్చినట్టుంది. ఆ జవాబుతో ఆమెకు ఏం చేయాలో తోచలేదు. వచ్చి ముందు వరసలో కూర్చుంది. పేరు మోర్వెన్ బుకాన్ అనీ, రేవులో చేపల ఫ్యాక్టరీలో పని చేస్తుందనీ, కాలనీ వాళ్ల తరఫున గొంతెత్తేది ఆమేననీ ఆ సాయంత్రమే రూరీకి తెలిసింది.

అతను బోర్డు మీద మూడు దారులు చూపించాడు. ఐదు శాతం పెంచితే చిల్లర మరమ్మతులు తప్ప ఇంకేమీ జరగవు. ఏడు పెంచితే పాత బ్లాకుల్లో చెడిపోయిన హీటర్లు కొన్నేళ్ల మీద మారతాయి. తొమ్మిదైతే వచ్చే చలికాలం లోపల అన్నీ మారతాయి.

“మీరైతే ఏది ఎంచుకుంటారు?” అంది మోర్వెన్.

“అది నేను చెప్పకూడదండీ.”

“చెప్పకూడదా, చెప్పలేరా?”

“రెండూనూ.”

ఈసారి హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి, ఆపుకుని, కిటికీ వైపు చూసింది. బయట వాన చూడదగ్గంత గొప్పగా ఏమీ లేదు.

మర్నాటి నుంచి రూరీ ఇల్లిల్లూ తిరిగాడు. మూడో బ్లాకు పై అంతస్తులో తలుపు తీసిన ముసలామె అతణ్ణి ఎగాదిగా చూసింది.

“మా పిల్ల రాత్రంతా తిట్టిన బిస్కెట్ల అబ్బాయివి నువ్వేనా? లోపలికి రా నాయనా, తడిసి ముద్దయ్యావు.”

ఆమె నెటా బుకాన్, మోర్వెన్ నానమ్మ. మోర్వెన్‌ను చిన్నప్పటి నుంచి పెంచింది ఆమే. ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు, చేతులకు ఉన్ని తొడుగులు. పడకగది గోడ మూల నల్లగా బూజు పట్టి ఉంది. ఎర్ర పప్పు సూపు గిన్నె అతని ముందు పెట్టి కూర్చునే సరికి ఆమెకు ఆయాసం వచ్చింది. ఊపిరి అందే దాకా రూరీ చెంచా ముట్టలేదు.

“తొమ్మిది రాసుకో” అంది నెటా.

రూరీ తలెత్తాడు. “మీ మనవరాలు…”

“దానిది ఐదు. నాది తొమ్మిదని దానికి తెలియక్కర్లేదు. ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదని తెలిస్తే అది నోరు మూసుకుని ఇంకో షిఫ్టు వేసుకుంటుంది. కింద ఆయిల్సా ఉంది, ముగ్గురు పిల్లలు. అలాంటి వాళ్ల కోసం నిలబడింది నా పిల్ల. నా దగ్గుతో దాని నోరు మూయించడం నాకిష్టం లేదు. అలాగని అబద్ధమూ చెప్పను. నాకేం కావాలని అడిగావు, చెప్పాను.”

“ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పే అధికారం నాకు లేదండీ.”

“అధికారం సంగతి కాదు. నువ్వు చెప్పవు కదా?”

“చెప్పను.”

మెట్లు దిగుతుంటే మోర్వెన్ ఎదురొచ్చింది. షిఫ్టు దిగి వస్తోంది. ఉప్పు గాలీ, చేపల వాసనా ఆమెతో పాటే మెట్లెక్కాయి.

“మా గ్రాన్ ఏం చెప్పింది?” నానమ్మను ఆమె అలాగే పిలుస్తుంది.

“సూపులో ఉప్పు సరిపోయిందా అని అడిగారు.”

ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. “రేపటి నుంచి నేనూ మీతో వస్తా. మీరు అడిగే తీరు చూడాలి. ఆ కళ్లేసుకుని దీనంగా అడిగితే ముసలాళ్లంతా తొమ్మిదనేస్తారు.”

“పుట్టుకతోనే ఇంతండీ, ఈ కళ్లు.”

“చూశాను లెండి.”

అన్నాక, చూశానని ఒప్పుకున్నట్టయిందని తట్టి, గబగబా పైకి వెళ్లిపోయింది.

అలా ఇద్దరూ కలిసి తిరిగారు. అవతల ఎవరున్నా అవే మాటలు, అదే గొంతు. రూరీ ఎక్కడా ఒక్క మాట అటూ ఇటూ వాల్చలేదు. ఆయిల్సా చంటిబిడ్డను చంకనేసుకుని, “ఐదంటే ఐదైనా నాకు కష్టమే. మా ఆయన పని చేసే పడవ అమ్మేశారు” అంది. ఎదురింటి టాష్ గారు, “పెంచండయ్యా! పెంచి బాగు చేయండి. నా గ్లాసులో మంచినీళ్లు గడ్డ కడుతున్నాయి” అన్నారు. ఇద్దరి మాటా విని, ఇద్దరికీ థాంక్స్ చెప్పి, ఇద్దరి గుమ్మాల దగ్గరా రూరీ మొహం ఒకేలా బరువెక్కడం మోర్వెన్ గమనించింది.

ఓ సాయంత్రం బ్లాకు వాకిట్లో వాన పట్టేసింది. చిన్న సన్‌షేడు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు.

“మేమూ ఇలాంటి ఇంట్లోనే పెరిగాం” అన్నాడు రూరీ వాన వైపు చూస్తూ. “అమ్మ కిటికీ సందుల్లో పేపర్లు కుక్కేది. పొద్దునకి అవి తడిసి కిందపడేవి.”

“మరి తెలిసి తెలిసి ఈ ఉద్యోగంలో ఎలా చేరావు నువ్వు?”

‘నువ్వు’ అన్న మాట ఇద్దరి మధ్యా నిలిచిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

“మా తలుపు ఎవరూ కొట్టలేదు మోర్వెన్. నీకేం కావాలని అమ్మని ఎవరూ అడగలేదు. ఎవరో ఒకరు అడగాలి కదా.”

వాన తగ్గింది. ఇద్దరూ కాసేపు కదల్లేదు.

తర్వాతి వారం బింగో ఆటలో పక్క కుర్చీ ఆమెతో నెటా నోరు జారింది. ఆ మాట సాయంత్రానికల్లా మోర్వెన్‌కు చేరింది. రూరీ ఆఫీసు నుంచి బయటికి వచ్చేసరికి ఎదురుగా ఉంది.

“తొమ్మిదా? మా గ్రాన్ చేత తొమ్మిది అనిపించావా?”

“మోర్వెన్…”

“ఇంట్లో సంపాదించేది నేనని తెలిసుండి! మా సూపు తాగి, మా కుర్చీలో కూర్చుని, ముసలావిడకు ఏం నూరిపోశావు?”

“ఏమీ నూరిపోయలేదు.”

“అయితే ఎందుకలా అంది? చెప్పు!”

“చెప్పకూడదు. ఆవిణ్ణే అడుగు.”

“నిన్ను అడుగుతున్నా. నిన్ను నమ్మాను కాబట్టి అడుగుతున్నా.”

రూరీ మొహం పాలిపోయింది. ఒక్క మాట చెబితే ఈ అమ్మాయి కోపం దిగిపోతుంది. ఆ ఒక్క మాటా అతనిది కాదు.

“నన్ను తిట్టుకో. ఆవిడ మాట మాత్రం ఆవిడ నోటి నుంచే రావాలి.”

ఆమె వెళ్లిపోయింది. ఇంటికెళ్లి నానమ్మనీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని లోపల ఎక్కడో భయం. ఆ తర్వాత గల్‌బ్రే మెట్లు రూరీ ఒంటరిగానే ఎక్కాడు. ఆమె గుమ్మం దాటేటప్పుడు అడుగు తెలియకుండానే నెమ్మదించేది. తలుపు తెరుచుకునేది కాదు.

డిసెంబరులో గడ్డకట్టే చలి పడింది. ఒక ఉదయం మోర్వెన్ టీ తీసుకుని గదిలోకి వెళ్లేసరికి నెటా పెదవులు నీలంగా ఉన్నాయి. అంబులెన్స్ మనుషులు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకెళుతుంటే, కాలనీ మొత్తం గుమ్మాల్లో నిలబడి చూసింది.

ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి పడుకోబెట్టారు. కాస్త తేరుకున్నాక నెటా తనే మొదలుపెట్టింది. ఎందుకు తొమ్మిదందో, ఎందుకు దాచమందో అంతా చెప్పింది.

“ఆ అబ్బాయి నోరు విప్పలేదా?” అంది చివర్లో.

“లేదు. వీధిలో నిలబెట్టి తిట్టాను గ్రాన్. అయినా విప్పలేదు.”

“ఊఁ.” నెటా కళ్లు మూసుకుంది. “మీ తాత నోట్లో ఏ మాటా దాగేది కాదు. మంచివాడేలే, కానీ దాగేది కాదు.”

మోర్వెన్ ఆమె చేతి మీద తల ఆనించి ఏడ్చింది. “నేను ఊళ్లో వాళ్లందరి కోసం అరుస్తుంటే, నువ్వు నా పక్క గదిలో చలికి…”

“నువ్వు అరిచింది తప్పు కాదే పిల్లా. నేను అడిగిందీ తప్పు కాదు.”

“మరి ఇద్దరం ఒప్పే అయితే ఏం చేయాలి?”

“అది వెళ్లి వాళ్లను అడుగు. తేల్చాల్సింది కౌన్సిల్ కుర్చీల్లో కూర్చున్న వాళ్లు కదా.”

జనవరిలో కౌన్సిల్ సమావేశం. పై అధికారులు తొమ్మిదికే మొగ్గు చూపుతున్నారని ఊరంతా అనుకుంటోంది. రూరీ లేచి, ఎవరేమన్నారో చదివాడు. ఎక్కువమంది ఐదన్నారు. తొమ్మిదన్నవాళ్లూ తక్కువేం కాదు. టాష్ గారి గ్లాసులో నీళ్లు గడ్డకట్టడమూ, ఆయిల్సా భర్త పడవా, పేర్లు లేకుండా అన్నీ చదివాడు. ఒక్కచోటే కాగితం మీంచి తలెత్తాడు. “‘నాకేం కావాలని అడిగావు, చెప్పాను’ అన్నారొక పెద్దావిడ.”

తర్వాత కాలనీ తరఫున మోర్వెన్ లేచింది.

“నేను ఐదని రాయించాను. మా నానమ్మ తొమ్మిదని రాయించింది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆవిడ ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. ఆవిడ ఏం రాయించిందో ఇక్కడ చెప్పమని పంపింది కూడా ఆవిడే. అద్దెకున్నవాళ్లు ఇలా అన్నారు, అలా అన్నారు అని మమ్మల్నందర్నీ ఒక మూటగా కట్టకండి. మాలో చలికి చచ్చేవాళ్లున్నారు, అద్దె కట్టలేక రోడ్డున పడేవాళ్లున్నారు. ఒకరిని బతికించడానికి ఇంకొకరిని ముంచమని మేమెవరమూ అడగలేదు. ఏడు పెంచండి. కానీ హీటర్లు ముందు ఊపిరాడనివాళ్ల ఇళ్లలో పెట్టండి. పని పోయినవాళ్లకి పని దొరికేదాకా పెంపు ఆపండి. ఇది అడగడానికి మా నానమ్మ మంచాన పడాల్సి వచ్చింది. ఇంకొకరు పడక్కర్లేకుండా చూడండి.”

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆమె అడిగినట్టే ఏడుకు చేతులు లేచాయి. రెండు కోరికలూ తీర్మానంలోకి ఎక్కాయి.

కౌన్సిల్ ఆఫీసు మెట్ల మీద ఆయిల్సా ఎదురైంది. “నా కోసం అడిగావు, కాదనను. కానీ మా ఆయనకి రేపు పని దొరికితే ఆ ఏడూ మోయాల్సింది మేమే కదా మోర్వెన్” అంది. మోర్వెన్ ఆయిల్సా చెయ్యి పట్టుకుంది. ఆమె విదిలించుకోలేదు కానీ, గట్టిగా పట్టుకోనూ లేదు.

బస్ స్టాపులో రూరీ ఉన్నాడు. వాన, గాలి. మోర్వెన్ వచ్చి పక్కన నిలబడింది.

“క్షమించు” అంది.

“దేనికి? నీ వాళ్ల కోసం తిట్టావు.”

“నువ్వు ఒక్క మాట చెప్పుంటే నేను తిట్టేదాన్ని కాదు కదా.”

“చెప్పుంటే రేపు నీ మాట కూడా ఎవరికో చెప్పేస్తాననుకునేదానివి.”

ఆమె అతని వైపు తిరిగింది. చలికి ముక్కు ఎర్రబడింది, జుట్టంతా తడిసిపోయింది. అతనికి అంతకంటే అందమైన మొహం ఎప్పుడూ చూసినట్టు గుర్తు రాలేదు.

“అభిప్రాయాలు అడిగే పని అయిపోయింది కదా?” అంది.

“ఇవాళ్టితో అయిపోయింది.”

“అయితే ఇప్పుడు ఆఫీసు తరఫున ఎవరూ లేరు ఇక్కడ.”

“ఎవరూ లేరు.”

“అయితే ఏదో ఒకటి మాట్లాడు మరి! నేనే ఎంతసేపని మాట్లాడను?”

“మీ గుమ్మం దాటుతున్నప్పుడల్లా నా కాళ్లు ముందుకు పడేవి కావు మోర్వెన్” అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. ఆమె అతని కోటు మెడ పట్టుకుని దగ్గరకు లాగింది. వాళ్లు ఎక్కాల్సిన బస్సు ఆగి, కాసేపు చూసి, వెళ్లిపోయింది.

నెటా ఇంటికి వచ్చింది. చలికాలం ఎలాగో గట్టెక్కింది. అయితే హీటర్లు బిగించేవాళ్లు గల్‌బ్రేకి వచ్చేసరికి మే నెల అయింది. మొదటి విడతలోనే నెటా ఇల్లు. బయట ఎండ కాస్తోంది.

“పూర్తిగా తిప్పండి” అంది నెటా.

“గ్రాన్, ఎండాకాలం!”

“ఇన్నేళ్లు ఆగాను. తిప్పమను.”

ఇల్లు బేకరీలా మారిపోయింది. బిగించినవాళ్లు పారిపోయారు. రూరీ, మోర్వెన్ గాలి కోసం బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డారు. అక్కడే, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉండగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తనను పెళ్లి చేసుకుంటావా అని రూరీ అడిగాడు. రెండుసార్లు తడబడ్డాడు. ఆమె ఒక్కసారి కూడా తడబడకుండా చేసుకుంటానంది.

లోపలికి వెళ్లేసరికి నెటా రేడియేటర్ పక్కన కుర్చీ వేసుకుని, స్వెట్టర్లు రెండూ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి.

“ఏడుస్తున్నావేంటే?”

“చెమట, గ్రాన్.”

“నువ్వు?” అని రూరీ వైపు చూసింది.

“నాది కూడా చెమటేనండీ.”

“ఇద్దరికీ కళ్లలోంచే పడుతోందా చెమట?” అని, నెటా మనవరాలి చెయ్యి ఒక చేత్తో, అతని చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది. తొడుగులు లేని ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. “మెట్ల మీద మాట్లాడుకుంటే ఈ బ్లాకులో అందరికీ వినిపిస్తుందర్రా. కూర్చోండి. ఎప్పుడు చేద్దామో చెప్పండి.”