ఆరో నంబరు బిళ్ళ

“ఓ తెప్పా… తేలేటి తెప్పా… ఎవురిని దింపేవే…”

ఆ తర్వాత వరస గంగాభవానికి గుర్తు రాదు. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున అమ్మమ్మ పాడేది. పెళ్ళై ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లకి వచ్చేక, ఇక్కడ ఆ పాట ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. పక్క క్వార్టరు సూసన్నకి తెలుసు. ఈమె మొదటి వరస అంటే ఆమె రెండోది అందుకునేది. సూసన్న పోయి ఏడాదైంది. రెండో వరస కూడా ఆమెతోనే పోయింది.

మే నెలలో అక్కడి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, కుండలో నీళ్ళు కూడా వెచ్చగానే ఉంటాయి. అందుకని ఆదివారం పూట వర్కుషాపు వాళ్ళు పాత టైరు ట్యూబులకి గాలి కొట్టించి, లారీ మాట్లాడుకుని, ఆడా మగా కసాయి నదికి పోయేవారు. రైలు వంతెన ఎగువన దిగి, ట్యూబులో కూలబడి, మేదినీపూర్ ఊరి పక్కనుంచి తేలుకుంటూ వచ్చి, దిగువ రేవులో ఒడ్డెక్కడం. అంతే ఆట. చేత్తో తోసుకోనవసరం కూడా లేదు, నదే తెస్తుంది.

దీనికంతటికీ పెద్ద, ఏలియా మేస్త్రీ. వర్కుషాపు గేటులో పనివాళ్ళు హాజరుకి నంబరు బిళ్ళలు బోర్డుకి తగిలించినట్టే ఇక్కడా ఏర్పాటు చేశాడు. దిగేటప్పుడు మనిషికో రేకు బిళ్ళ తాడుకి కట్టి మెడలో వేస్తాడు. తను లారీలో ముందే రేవుకి పోయి, చెట్టుకి బోర్డు కట్టి కూర్చుంటాడు. ఒడ్డెక్కినవాళ్ళు ఎవరి మేకుకి వాళ్ళు బిళ్ళ తగిలించాలి. మేకులు నిండితే లారీ కదులుతుంది.

పోయినేడు పన్నెండు మేకులూ నిండాయి. లారీ కదిలింది. తడిబట్టలతో, చీకట్లో, ఒకరి మీద ఒకరు కూర్చున్నవాళ్ళలో ఎవరు లేరో ఎవరికి తెలుస్తుంది? క్వార్టర్లున్న తాల్‌బగీచా చేరేక సూసన్న మొగుడు రిచర్డ్ అడిగాడు, నా పెళ్ళాం ఏదని. మూడో రోజు నదిలో ఇసుక తవ్విన గోతిలో శవం దొరికింది.

“నానే లెక్క తప్పినాను,” అన్నాడు ఏలియా. ఊరంతా అదే నమ్మింది. రిచర్డ్ అతనితో మాట మానేశాడు. చర్చిలో అతని పక్క బల్ల ఖాళీగా ఉండిపోయేది.

ఏలియా లెక్క తప్పలేదు. సూసన్న బిళ్ళ తగిలించింది గంగాభవాని. గేటులో ఆలస్యమైన స్నేహితుడి బిళ్ళ ఇంకొకడు తగిలించడం వర్కుషాపులో మామూలే. ఆమె మొగుడు నూకయ్య ఎన్నిసార్లు చెయ్యలేదు? తప్పనే తోచలేదు ఆమెకి. రేవు దగ్గర పడుతుంటే సూసన్న మెడలోంచి బిళ్ళ తీసి ఇచ్చింది, ఈమె తీసుకుంది. ఏడాదిగా ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. నూకయ్యకి కూడా.

ఈ ఏడు చెప్పెయ్యాలి. అందుకే వచ్చింది. నూకయ్యకి రాత్రి డ్యూటీ, ఒక్కతే వచ్చింది. అందరూ లారీ ఎక్కేదాకా ఆగి, ఆఖరున ఒడ్డెక్కి, బోర్డు దగ్గర ఏలియా ఒక్కడూ ఉన్నప్పుడు చెప్పాలి.

ఏలియా ఆమె మెడలో ఆరో నంబరు వేశాడు. తాడుకి రెండు ముడులు బిగించి, లాగి చూశాడు.

“దాదా, రేవు కాడ నీతో ఓ మాటుంది,” అంది, అక్కడి బెంగాలీల వరసలో అన్నని పిలిచినట్టు.

“ఇప్పుడే సెప్పు, అమ్మా.”

“ఇక్కడ కాదు.”

వెనకనుంచి, క్వార్టర్లలోనే ఉండే ఆలిస్ అరిచింది. “వదినా, బేగి దిగు! నీ బరువుకి ట్యూబు ఏడుస్తంది!”

“నీ నోటితో ఊదీసుంటే పంపు అద్దె మిగిలీదే!”

అందరూ నవ్వారు. ఏలియా నవ్వలేదు.

నీళ్ళు పైన వెచ్చగా, అడుగున చల్లగా ఉన్నాయి. ఎండకి కాగిన రబ్బరు వాసన, నాచు వాసన. వంతెన మీద లోకల్ రైలు పోయింది, దాని చప్పుడు నీళ్ళలోంచి వెన్నుకి తగిలింది. ఒక్కొక్కరే ముందుకి పోతున్నారు. గంగాభవాని కాళ్ళు అడ్డం పెట్టి వెనకబడింది. పొద్దు కుంకింది. ముందర నవ్వులు సన్నబడ్డాయి, తర్వాత లేవు. ఏమీ తోచక, నోట్లోనే అనుకుంది.

“ఓ తెప్పా… తేలేటి తెప్పా… ఎవురిని దింపేవే…”

వెనక ఎక్కడో తడి రబ్బరు కిర్రుమంది.

తిరిగి చూసింది. నీళ్ళు. ఇసుక. ఇంకేం లేదు.

తన వెనక ఎవరూ ఉండకూడదు. తనే ఆఖరు…

నీళ్ళు మరీ చల్లబడ్డాయి. ఇసుక గోతుల మీదికి వచ్చిందన్నమాట. మెడ దగ్గర ఏదో తడిగా తగిలినట్టైంది… గాలేమో అనుకుంది. వంపు తిరిగేసరికి దూరాన రేవు, చెట్టు కింద లాంతరు కనిపించాయి. ఏలియా గొంతు నీళ్ళ మీదుగా స్పష్టంగా వచ్చింది. పోయినేటి నుంచీ అతను నంబర్లు పైకి చదువుతాడు, మేకు మేకునీ వేలితో ముట్టుకుని.

“నాలుగు ఉంది. అయిదు ఉంది. ఆరు…”

ఆరు లేదు. ఇప్పుడు తన కోసం చూస్తాడు, పిలుస్తాడు…

“ఆరు ఉంది.”

ఆమె మెడ తడుముకుంది. తాడు ఉంది. రెండు ముడులూ అలాగే ఉన్నాయి. బిళ్ళ లేదు.

“ఏడు…” ఏలియా ఆగాడు. ఏడు సూసన్నది. బిళ్ళ ఆమె పెట్టెలోనే పెట్టి పాతారు. ఆ మేకు ఎవరికీ ఇవ్వలేదు. “…ఎనిమిది ఉంది.”

“దాదా! నానింకా నీళ్ళలోనే ఉన్నాను!”

గొంతు లేవలేదు. గాలి లేని ట్యూబులా వచ్చింది.

“అందరూ వచ్చీసినారు. ఠీక్ హై, పదండి.”

లారీ గుర్రుమంది. లాంతరు చెట్టు నుంచి కదిలి పైకి పోయింది. ఆరిపోయింది.

ఆమె ట్యూబు మెల్లగా వచ్చి రేవు ఇసుకకి తగిలింది. చక్రాల జాడలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. బోర్డు లేదు, మనిషి లేడు. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది, వినేవాడు లేడు. పోయినేడు ఇక్కడిదాకా రాగలిగి ఉంటే సూసన్నకి కనిపించేది ఇదే కదా, అనుకుంది గంగాభవాని. ఇంత నిశ్శబ్దమా!

అప్పుడు నీళ్ళ మీదనుంచి, తొందరేం లేకుండా, రెండో వరస వచ్చింది.

“…ఎవురిని ఉంచేవే…”

ఇంకో ట్యూబు ఇసుకకి రాసుకుంటూ దగ్గరికి వస్తోంది. ఆమె తిరగలేదు. చేతిలో ఖాళీ తాడు పట్టుకుని, పోయినేడు అదే నీళ్ళలో సూసన్న నవ్వుతూ తనతో అన్న ఆఖరు మాట గుర్తు చేసుకుంటూ నిలబడిపోయింది.

“నా బిళ్ళ నువ్వు తగిలించీ వదినా… నాను ఎనకాలే వస్తన్నాను.”