పెద్దదాని జ్ఞానదంతం

పొద్దున్నే వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. ఆ ఇల్లాలికి కోపం వస్తే ముందు గిన్నెలకే తెలుస్తుంది.

"చిన్నీ, టీ చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు," అందామె. ఆయన పక్కనే, బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

పదిహేనేళ్ల పెద్దకూతురు ఓ రాత్రి ఇంటికి రావడం ఆలస్యమైతే ఆయన తలుపు గడియ వేసేశారు. తెల్లారి చూస్తే పిల్ల లేదు. అప్పటినుంచీ మొగుడూ పెళ్లాల మాటలు చిన్నకూతురి మీదుగానే నడుస్తున్నాయి. ఏళ్లు గడిచాక మొన్న ఊరి చివర పాత క్వారీలో ఎముకలు దొరికాయి. డీఎన్ఏ పరీక్షలో అవి పెద్దదానివేనని తేలింది.

"ఆ రాత్రే పోయింది. గడియ పెట్టిన చెయ్యే దాన్ని చంపింది," అని తల్లి గోడకేసి చెప్పింది. ఆయనా అదే నమ్మారు. పాపం, గడియ పెట్టింది తనే కదా.

చిన్నకూతురు పళ్ల డాక్టరు. పోలీసులు పంపే దవడలకు ఎక్స్‌రే తీసి వయసు చెప్పడం ఆమె ఉద్యోగం. సొంత అక్క కావడంతో ఈసారి పెద్ద డాక్టరే చూశారు. "ఇంట్లో నువ్వే చెప్పుకో తల్లీ," అని ఫిల్మ్ చూపించారు. చెబితే తండ్రి తేరుకుంటారు, తల్లి కూలిపోతుంది. చెప్పకపోతే ఆయన ఆ నింద మోస్తూనే పోతారు. చివరికి చెప్పేసింది.

"అక్క ఆ రాత్రి చనిపోలేదమ్మా."

గిన్నెల చప్పుడు ఆగింది.

"పదిహేనేళ్లకి జ్ఞానదంతం వేర్లు అప్పుడప్పుడే మొదలవుతాయి. అక్కకి పూర్తిగా పెరిగి చివర్లు మూసుకుపోయాయి. పోయేనాటికి ఎంత తక్కువన్నా ఇరవై ఏళ్ల దగ్గరుంటుందని పెద్ద డాక్టరు అన్నారు."

"మీ నాన్నని వెనకేసుకొస్తున్నావా?"

"ఎక్స్‌రేకి తనవాళ్లూ పరాయివాళ్లూ ఉండరమ్మా."

తల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది. "అన్నాళ్లు బతికుందా? మరి ఒక్కసారైనా రాలేదేం? నేనున్నానుగా ఇంట్లో."

"నేనుంటానని రాలేదు," అన్నారాయన మెల్లగా.

ఆమె నేరుగా ఆయన మొహంలోకి చూసింది. "కాదండీ. ఆ రాత్రి తలుపు కొట్టి 'అమ్మా' అనే పిలిచింది. మీ పేరెత్తలేదు. నాకు మెలకువే. లేస్తే మీరు తిడతారని పడుకునే ఉన్నాను."



"నేనూ మేలుకునే ఉన్నాను," అన్నారాయన. "నువ్వెళ్లి తీస్తావు, తీస్తే ఏమీ అనకూడదు అనుకుంటూ పడుకున్నాను."

ఆమె ఆయన పక్కన కూలబడి, భుజం మీద తల ఆన్చి బావురుమంది.