మూడో నంబరు సీడీ

భానుచందర్‌కు దీప మీద ప్రేమ పుట్టి ఆర్నెల్లయింది. దాన్ని బయటపెట్టే ధైర్యం మాత్రం ఇంకా పుట్టలేదు. సుబేదారిలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు, పక్కపక్క సీట్లు, రోజూ పంచుకుని తినే టిఫిన్ డబ్బాలు. ఇన్ని అనుకూలాలున్నా వాళ్ల మధ్య ఒక సినిమా అడ్డంగా నిలబడింది.

ఒకటి కాదు, మూడు. నిధుల వెంట తిరిగే ఎర్ర టోపీ దొర సినిమాలు. పాతకాలపు ఇంగ్లీషు సినిమాలకు తెలుగు డబ్బింగ్. మొదటిదంటే ఇద్దరికీ ప్రాణం. గొడవంతా తర్వాతి రెండింటి దగ్గరే. ములుగులో కేబుల్ టీవీ ముందు పెరిగిన దీప రెండోదే గొప్పదనేది. ఇంట్లో సీడీలు అరిగిపోయేదాకా చూసిన భాను మూడోదే గొప్పదనేవాడు. కథ దాకా పోకుండా నంబర్లతోనే కొట్టుకునేవాళ్లు.

ఆ సోమవారం వాన పడుతోంది. దీప కిటికీ వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు వానకా, తనకా అన్నది భానుకు అర్థం కాలేదు. ఆ అయోమయంలోనే ఒక అబద్ధం ఆడేశాడు.

"నిన్న మళ్ల చూసిన దీపా. నువ్వు చెప్పిందే కరెక్టు. రెండోదే మంచిగుంది."

దీప ముఖం వెలిగిపోయింది. "నిజంగనా? ఏ సీన్ నచ్చింది?"

"నదిల మొసలితోని కొట్లాట."

ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. "అది మూడోదాంట్లది. చూడకుండనే చూసిన్నని చెప్తున్నవా? నచ్చకుంటే నచ్చలేదను భానూ. నన్ను మురిపియ్యనీకి అబద్ధం చెప్పేటోడు రేపు దేని గురించైన చెప్తడు."

ఆమె డబ్బా మూడు రోజులు వేరే టేబుల్ మీద తెరుచుకుంది. భానుకు మతి పోయింది. అబద్ధం ఆడిన మాట నిజమే. కానీ మొసలి రెండో సినిమాలో ఉందన్నది మాత్రం తనకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. అబద్ధం చెప్పినప్పుడు నమ్మిన పిల్ల, నిజం చెప్పినప్పుడు పట్టుకుంది.

గురువారం సాయంత్రం అటక మీది సీడీల పెట్టె దించాడు. ఒకప్పుడు అతని తల్లి పద్మలత సీడీలు కిరాయికిచ్చే దుకాణం నడిపేది. వాటి మీద ఆమె మార్కర్‌తో వేసిన అంకెలు అలాగే ఉన్నాయి. రెండు అని రాసినదాంట్లో మొసలి, మూడు అని రాసినదాంట్లో ఎడారి. తన తప్పేం లేదని తేలినా ప్రాణం కుదుటపడక, తల్లి దగ్గర తన గోడు వెళ్లబోసుకున్నాడు.

పద్మలత చింతపండు పిసుకుతూ తాపీగా చెప్పింది. "నేనే నంబర్లు మార్చిన బిడ్డా. మొసలిదే ఆఖరుది. బాగలేదని దాన్నెవ్వలు అడుగకపోయేది. అందుకే దానికి రెండని రాసి, ఎడారి దానికి మూడని రాసిన. మంచిది ఆఖరుకుందంటే నడిమిట్లది గూడ తీస్కపోతరు గదా."

భాను వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. ఆర్నెల్లుగా ఇద్దరూ ఆ ఒక్క ఎడారి సినిమానే వెనకేసుకొచ్చి కొట్టుకున్నారన్నమాట.

మర్నాడు ఆ రెండు సీడీలూ దీప ముందు పెట్టి, తల్లి చేసిన పని చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. అక్కడితో ఆపితే తప్పించుకునేవాడే. ఆపలేదు.

"అయినా నేను అబద్ధమే చెప్పిన దీపా. మొన్న ఏ సినిమా చూడలే. మొసలిది నాకు అస్సలు నచ్చది. ఎడారి దాంట్ల దొర ఆఖరి గుక్కెడు నీళ్లు ఒంటెకు తాపి, నిధికి తొవ్వ పోగొట్టుకుంటడు చూడు, ఆ సీనంటేనే ఇష్టం. నువ్వంటే గూడ ఇష్టమే. ఏడ దూరమైతవోనని భయపడి అట్ల చెప్పిన."

దీప సీడీలు రెండూ అతని వైపు జరిపింది. ఆదివారం ఇంటికొస్తాననీ ఆ సినిమా అక్కడే చూద్దామనీ చెప్పి పనిలో పడింది. అది జవాబో కాదో భానుకు తెలియలేదు.

చెప్పినట్టే వచ్చింది. పద్మలతను ఆంటీ అని పలకరించింది, పెట్టిన సర్వపిండి తిన్నది, ఒంటె నీళ్లు తాగుతుంటే కళ్లు తుడుచుకుంది. భాను వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. అతనికి సినిమా ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియలేదు. పద్మలత మార్కర్ తెచ్చి, ఇప్పటికైనా నంబర్లు సరిచేస్తానంది.

దీప ఆమె చేతిలోంచి మార్కర్ తీసుకుని మూత పెట్టేసింది.

"ఉండనియ్యిండ్రి అత్తమ్మా. మనింట్ల ఇదే మూడోది."

భాను ఇంకా సీడీ మీది అంకె వంకే అయోమయంగా చూస్తున్నాడు. పద్మలత వాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"అంకె తర్వాత చూద్దువురా. పిల్ల నన్నేమని పిలిచిందో ఇన్నవా?"