నడిసంద్రంలో ఎక్కిన చార్జింగ్

పసిఫిక్ సముద్రంలోని మైయానా దీవిలో బెటేరో ఫోను సంగతి తెలియనివాళ్ళు లేరు. దాని చార్జింగ్ అంకె తొంభై కిందికి దిగిందంటే అతనికి తిండి సహించేది కాదు. ఇంటి మీదున్న ఒక్కగానొక్క సోలార్ పలకతోనే దీపం వెలగాలి, రేడియో పలకాలి, పక్కింటివాళ్ళ టార్చిలైటు నిండాలి. అయినా మొదటి వంతు ఎప్పుడూ ఆ ఫోనుదే. పొద్దున లేస్తూనే వైరు గుచ్చేవాడు. కొబ్బరిచెట్టెక్కి కల్లు గీసి దిగివచ్చి, చేతులైనా కడక్కుండా మళ్ళీ గుచ్చేవాడు. మధ్యాహ్నం రేకు కింద అలాగే వదిలేస్తే అది పెనంలా కాలిపోయేది. రానురాను దాని వెనక మూత ఉబ్బి, బల్ల మీద పెడితే కుదురుగా నిలవడం మానేసింది.

"పెళ్ళానికైనా ఇన్నిసార్లు వడ్డించావట్రా?" అని ఎగతాళి చేసేవాడు అన్న కౌటు.

"పెళ్ళాంలా ఎదురు చెప్పదుగా అన్నా," అనేవాడు బెటేరో.

"ఎదురు చెప్పదు గానీ నోరు విప్పితే అబద్ధమే," అనేది భార్య రుటియానా, చేప పొలుసు తీస్తూ. ఆమె అన్నదాంట్లో తప్పులేదు. ఆ ఫోను డెబ్బై చూపించేది. రెండు మాటలు మాట్లాడేసరికి ఇరవై అనేది. ఒక్కోసారి నూరు చూపిస్తూ చూపిస్తూనే ఆరిపోయేది.

పక్కనున్న పెద్ద దీవి తరావాలో బెటేరో చెల్లెలి కొడుక్కి మొదటి పుట్టినరోజు వచ్చింది. వాళ్ళలో ఆ పండగకి వెళ్ళకపోతే జన్మంతా మాట పడాలి. కూతురు మారెటాకి బడి ఉంది కాబట్టి పిల్లని బెటేరో మేనత్త టెబోరా దగ్గర వదిలి, భార్యాభర్తలూ కౌటూ తెల్లవారుతూనే ఫైబర్ పడవలో బయలుదేరారు. కాళ్ళు కట్టిన పందిపిల్ల ఒకటి, ఉడికించిన చేమగడ్డల బుట్ట, కల్లు కాచిన పాకం సీసాలు, దారిలో తాగడానికి నాలుగు బోండాలు. పొద్దెక్కేసరికి తరావా చేరే దారే.

మారెటా ఒడ్డున నిలబడి, "అమ్మా, నాకు ఎర్ర రిబ్బను," అని అరిచింది.

బెటేరో జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. "నూరు," అన్నాడు తృప్తిగా.

నడిదారిలో మోటారు ఆగిపోయింది. ముందు ఒక దగ్గు. తర్వాత కాలిన రబ్బరు వాసన. తర్వాత ఏమీ లేదు. కౌటు మూత విప్పి, పెట్రోలు మరకల చేతులతో చాలాసేపు తంటాలు పడ్డాడు. నీళ్ళు పడవ పక్కల్ని తడుతున్న చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. వెనక్కి చూస్తే మైయానా కొబ్బరితలలు ఇంకా కనిపిస్తున్నాయి, నీటి మీద పరిచిన గడ్డిలాగా.

"ఇంటికి ఫోన్ చెయ్యరా. ఎవరినైనా పడవేసుకుని రమ్మను," అన్నాడు కౌటు.

"ఎనభై రెండుంది, బోలెడంత," అంటూ బెటేరో అత్తకి చేశాడు. అవతల టెబోరా ఎత్తింది. "ఎవరూ?" అంది. అంతే. ఎనభై రెండు కాస్తా మూడైంది. మాట తెగిపోయింది. సిగ్నల్ గీతలు కూడా పోయాయి.

బెటేరో మొహం చూసి రుటియానాకి తిట్టబుద్ధి కాలేదు.

"స్విచాఫ్ చేసి పెట్టు. ఆ మూడైనా మిగలనీ," అన్నాడు కౌటు.

తూర్పుగాలి వాళ్ళని పడమటికి తోసింది. కొబ్బరితలలు ఒక్కొక్కటీ నీళ్ళలోకి దిగిపోయాయి. పడమట ఏముందో ముగ్గురికీ తెలుసు. ఏమీ లేదు. ఆ వైపుకి కొట్టుకుపోయినవాళ్ళ పేర్లు ఊరి సావిట్లో ప్రార్థనప్పుడు చదువుతారు, అంతే.

బోండాలు రెండో రోజుకే అయిపోయాయి. పాకం నాలికని ఇంకా ఎండబెట్టేది. వాన జాడ లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరుస్తుంటే ముగ్గురూ ఒక మొగలి చాప కింద దూరి పడుకునేవాళ్ళు. ఒక ఉదయం బెటేరో ఉండబట్టలేక ఫోను ఆన్ చేశాడు.

"అన్నా... తొమ్మిది!"

కౌటు లాక్కుని చూశాడు. నిజమే. తొమ్మిది.

"అంతేరా," అన్నాడు కౌటు నవ్వి. ఒకప్పుడు ఓడల్లో పనిచేసినవాడు, అలాంటివి చూశాడు. "బ్యాటరీ కూడా మనిషిలాంటిదే. కాసేపు పడుకోనిస్తే కొంచెం ఓపిక తెచ్చుకుంటుంది. మళ్ళీ కట్టెయ్. ఏదైనా దీవి కనబడితే అప్పుడు చేద్దాం."

ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. అప్పుడు రుటియానా పందిపిల్ల వైపు చూసింది. అది కదలడం లేదు.

"పోనీలే, కోద్దాం. రక్తమైనా తాగొచ్చు," అని కౌటు కత్తి తీశాడు. మెడ దగ్గర దింపాడు. కత్తి చప్పున లోపలికి పోయింది గానీ ఒక్క చుక్క రాలేదు. ఇంకా లోతుగా కోశాడు. లోపలంతా కొబ్బరిపీచులా ఉంది. పొడిగా. చేతికి అంటుకుంటే దులిపేసుకునేంత పొడిగా.

రాత్రి బతికుంది. అరిచింది కూడా.

దాన్ని నీళ్ళలోకి తోసేశారు. అది చాలాసేపు పడవ పక్కనే తేలింది. చేపలు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, నోరు పెట్టకుండా వెళ్ళిపోయాయి.

ఆ రోజు నుంచి బెటేరో ఫోనుని తడవకుండా చొక్కా లోపల, గుండెకి ఆనించి పెట్టుకున్నాడు. నిద్రలో కూడా చెయ్యి దాని మీదే. తెల్లారి తీసి చూస్తే ఇరవై ఏడు.

"చూశావా," అన్నాడు భార్యతో. గొంతు గరగరలాడింది. రుటియానా అంకె చూడలేదు, మొగుడి మొహం చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. కణతల దగ్గర చర్మం కాగితంలా పల్చబడింది. ముగ్గురూ ఒకే ఎండలో ఉన్నారు. ఒకే దాహం. కానీ అతనొక్కడే ముసలివాడయ్యాడు.

ఆమె చొక్కా మీద చెయ్యి పెట్టింది. ఫోను వెచ్చగా ఉంది. రేకు కింద వైరు గుచ్చి వదిలేసినప్పుడు ఉండేంత వేడి. కాలిన ప్లాస్టిక్ వాసన సన్నగా వస్తోంది.

"ఏవయ్యా, స్విచాఫ్ చేశావా?"

"చేశాను."

మర్నాడు నలభై దాటింది. ఆ మధ్యాహ్నమే, చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ లేని చోట, తెర మీద సిగ్నల్ గీత ఒకటి లేచింది. బెటేరో ఫోనుని భార్య చేతిలో పెట్టాడు. రుటియానా నొక్కింది. ఒక్కసారే మోగింది. అవతల టెబోరా కాదు, పిల్ల ఎత్తింది.

"అమ్మా? ఎక్కడున్నారమ్మా?"

"మారెటా! టెబోరా మామ్మని పిలువు. మోటారు చెడిపోయిందని చెప్పు. పడమటికి పోతున్నామని చెప్పు. పడమటికి! విన్నావా?"

"విన్నాను. అమ్మా, నీ పక్కన మాట్లాడేదెవరు?"

ఎవరూ మాట్లాడటం లేదు. బెటేరో కళ్ళు మూసుకుని ఉన్నాడు. కౌటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"నన్ను కూడా రమ్మంటున్నారు," అంది పిల్ల. గీత పోయింది.

రుటియానా ఫోను దించి చూసింది. మాట్లాడక ముందు నలభై మూడు. ఇప్పుడు నలభై ఆరు.

మాట్లాడితే ఎక్కింది.

కౌటు కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దగ్గరికి జరిగి, తమ్ముడికి వినబడకుండా గుసగుసగా అన్నాడు.

"అమ్మాయ్... దాన్ని నీళ్ళలో పడెయ్."

"ఏం మాట్లాడుతున్నావు బావా?"

"నువ్వూ చూశావుగా. పంది పోయింది. వీణ్ణి చూడు. అది ఎక్కడినుంచి నింపుకుంటోంది? పలక ఉందా ఇక్కడ? వైరుందా?"

"నువ్వేగా అన్నావు, పడుకుంటే ఓపిక వస్తుందని..."

"అన్నాను. నా మనసు నిలవడానికి అన్నాను."

అతను చెయ్యి చాపాడు. రుటియానా ఫోనుని రెండు చేతులా పట్టుకుని వెనక్కి జరిగింది. "నా పిల్ల గొంతు ఇందులో వచ్చింది. మళ్ళీ వస్తుంది. వాళ్ళు మనకోసం వెతుకుతూ ఉంటారు. ఇది పోతే ఎవరిని పిలుస్తాం?"

కౌటుకి గుంజుకునే ఓపిక కూడా లేదు. ఆమె వైపు జాలిగా చూశాడు. పడవ ముందుకొసకి పాకి, వీపు తిప్పుకుని కూర్చున్నాడు.

రుటియానా ఫోనుని మొగుడి దగ్గరనుంచి తీసేసింది. పడవలో పడున్న ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూతేసి, గుడ్డ చుట్టింది. అలా చేస్తే చాలనుకుంది. డబ్బా వేడెక్కింది. మూత సందులోంచి వెలుతురు... పట్టపగలు, అంత ఎండలో కూడా కనిపించే తెల్లటి వెలుతురు.

మర్నాడు కౌటు నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస పడవకి ముడేసి, మెల్లగా నీళ్ళలోకి దిగాడు. "ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడైతే అది అందుకోలేదేమో," అన్నాడు. పడవ అంచు పట్టుకుని వేలాడాడు. అతని వేళ్ళు నాలుగూ అంచు మీద కనిపిస్తూనే ఉన్నాయి. రుటియానా మొగుడి పెదవుల్ని ఉప్పునీటి గుడ్డతో తడిపి ఇటు తిరిగేసరికి వేళ్ళు లేవు.

చప్పుడు రాలేదు. నీళ్ళు కదలలేదు. తాడు లాగింది. తేలిగ్గా వచ్చేసింది. నడుముకి కట్టిన ముడి విప్పకుండా అలాగే ఉంది... లోపల మనిషి ఒక్కడే లేడు.

ఆమె అరవలేదు. అరిస్తే అది కూడా ఎక్కుతుందేమోనని భయపడింది.

డబ్బా తెరిచింది. ఫోనుని విసిరెయ్యడానికే తెరిచింది. చెయ్యి ఎత్తింది కూడా. అప్పుడు బెటేరో కళ్ళు విప్పాడు.

"ఎంతుంది?"

"ఏవయ్యా, దీన్ని పడేస్తాను. నా మాట విను."

"ఎంతుంది?"

"తొంభై ఆరు."

అతని పగిలిన పెదవులు విచ్చుకున్నాయి. ఇంట్లో వైరు గుచ్చి, చూసి చూసి మురిసిపోయేటప్పటి నవ్వు అది. "ఇంకొంచెమే," అన్నాడు. ఆ తర్వాత ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు ఆగిపోయాడు.

రుటియానా చేతిలో ఫోను ఒకసారి వణికింది. నిండినప్పుడు వణికినట్టు.

చేపల ఓడ ఒకటి ఆమెను చూసి దగ్గరికొచ్చింది. నావికులు ఆమెను పైకి లాగి, పాత్ర నిండా నీళ్ళిచ్చారు. ఆమె రెండు గుక్కలు తాగి చాలంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పక్కనే గుడ్డ కప్పిన బెటేరో శవం, చిన్నపిల్లాడంత తేలిగ్గా, ఎండుచేపలా ఉంది. ఆమె ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. జుట్టు నిగనిగలాడుతోంది.

తరావా ఆసుపత్రిలో డాక్టరు నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఇన్నాళ్ళూ ఏం తిన్నావమ్మా?" అని అడిగాడు. మామూలుగా అడగలేదు. కొంచెం వెనక్కి జరిగి అడిగాడు.

ఫోను అప్పటికే లేదు. ఓడ మీదనే ఆమె దాన్ని సముద్రంలోకి జారవిడిచింది. లోతుకి దిగుతున్నకొద్దీ తెర వెలుగు చిన్నదవుతూ చాలాసేపు కనిపించింది. ఆరిపోవడం మాత్రం ఆమె చూడలేదు.

మైయానాలో ఊరంతా ఒడ్డుకి వచ్చింది. శవాన్ని దించి ఏడ్చారు. ఖాళీ తాడు చూసి ఇంకా ఏడ్చారు. టెబోరా ఆమెను వాటేసుకుని, "మేం మూడు పడవలేసుకుని వెతికామే తల్లీ, పడమటంతా వెతికాం," అంది. రుటియానా కళ్ళు పిల్ల కోసం వెతుకుతున్నాయి.

"పడుకుంది. లేపినా లేవదు," అంది టెబోరా. "ఆ రోజు ఫోన్‌లో మాట్లాడింది చూడు, అప్పట్నుంచీ ఇంతే. పగలంతా నిద్రే. బెంగ పెట్టుకుందిలే. నువ్వొచ్చావుగా, తేరుకుంటుంది."

మారెటా చిక్కిపోయి ఉంది. తల్లి ఒళ్ళోకి రాగానే అతుక్కుపోయింది. రుటియానా ఆమెను వదల్లేదు. తిన్నా, కూర్చున్నా, పడుకున్నా కడుపులో పెట్టుకునే ఉంది. ఇంకెవరున్నారు ఆమెకి?

తర్వాత వానలు పట్టుకున్నాయి. సముద్రం మీద ఒక్క చుక్క కురవని ఆకాశం ఇప్పుడు తెరిపివ్వకుండా కురిసింది. ఊళ్ళో సోలార్ పలకలన్నీ చచ్చుపడ్డాయి. దీపాలు లేవు, రేడియో లేదు. ఒక మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళు మొగలి చాప మీద పడుకుని ఉండగా టెబోరా తడుస్తూ లోపలికొచ్చింది.

"నా ఫోను పొద్దున ఇక్కడే పడేసిపోయానే. రెండు మీద ఉంది, ఈపాటికి చచ్చే ఉంటుంది," అంటూ వంగింది. అది చాప మీద, ఇద్దరి మధ్యా ఉంది. తీసి చూసి నవ్వింది. "ఇదేం వింతే! నలభై చూపిస్తోంది! ఈ అంకెల్ని నమ్మడమంత బుద్ధితక్కువ లేదు."

రుటియానా లేచి కూర్చుంది. ఒంట్లో హాయిగా ఉంది. ఆకలి లేదు, అలసట లేదు. నెలల తరబడి నిద్రపోయి లేచినంత హాయి.

పిల్ల వైపు తిరిగింది.

"మారెటా."

పలకలేదు.

"మారెటా! లేమ్మా!"

టెబోరా చేతిలో ఫోను. నలభై ఒకటి. రుటియానా తన చేతుల వైపు చూసుకుని, పిల్లకి దూరంగా మోకాళ్ళ మీద వెనక్కి పాకింది. గోడ తగిలేదాకా పాకింది. అంతకంటే దూరం పోవడానికి ఆ గుడిసెలో చోటు లేదు.

పిల్ల కళ్ళు సగం తెరిచింది. రెండు చేతులతో చాప అంచుల్ని గట్టిగా పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా.

"అమ్మా," అంది నీరసంగా, "ఈ పడవ ఊగడం ఎప్పుడాగుతుంది?"